తొమ్మిదో నియమం

జూన్ 16

ప్రిన్సిపాల్ మేడం పొద్దున్నే పిలిపించారు. స్కూలు గుర్తింపు రెన్యువల్ కోసం తనిఖీకి వచ్చేవాళ్లు ఈసారి లైబ్రరీ నియమాలు కాగితం మీద చూపించమంటున్నారట. ఇన్నేళ్లుగా ఆ నియమాలన్నీ నా నోట్లోనే ఉన్నాయి. ఎవరికి ఎన్ని పుస్తకాలు, ఎన్నాళ్లు, చింపితే ఏమిటి, అన్నీ నేను చెప్పడం, వాళ్లు విననట్టు నటించడం. ఇప్పుడు రాయాలి. లైబ్రేరియన్‌ని కాబట్టి నేనే రాయాలి.

రాసి వైస్ ప్రిన్సిపాల్‌గారికి చూపించమన్నారు. తర్వాత ముగ్గురం కూర్చుని ఖాయం చేద్దామన్నారు.

త్రాసుకి చూపించాలట. చూపిస్తాను. బాగా చూపిస్తాను.

జూన్ 17

త్రాసు అన్న పేరు వైస్ ప్రిన్సిపాల్‌గారికి పిల్లలు పెట్టింది. ఫిజిక్సు క్లాసులో ఎవరేం అడిగినా ఆయన తల ముందు ఎడమకి వాల్చి, తర్వాత కుడికి వాల్చి, అప్పుడు గాని జవాబు చెప్పరు. నేను ఇంట్లోనూ అదే పేరు వాడతాను. మా అత్తయ్యకి ఆయన అసలు పేరే తెలియదు. ఇంత కోపం ఉండి కూడా డైరీలో ఆయన్ని 'అన్నాడు' అని రాయలేకపోతున్నాను. అలవాటు.

పోయిన ఏడాది మీటింగు గురించి ఇక్కడ మళ్లీ రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. రాస్తున్నాను. సిబ్బందిని తగ్గించాలి, ఎక్కడ తగ్గిద్దాం అని మాట్లాడుకుంటున్నారు. ఎవరి పని వాళ్లు గొప్పగా చెప్పుకుంటున్నారు. త్రాసు తల అటు వాల్చి, ఇటు వాల్చి, "లైబ్రరీకి మనిషెందుకండీ, మంచి తాళం ఉంటే చాలదా" అన్నారు. గది గదంతా నవ్వింది. డ్రిల్లు మాస్టారైతే కుర్చీలో వెనక్కి వాలిపోయి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. అదే నాకు ఇప్పటికీ అరగడం లేదు.

వారం తిరిగేసరికి లైబ్రరీలో నాది ఒంటిపూట ఉద్యోగమైంది. భోజనం బెల్లు కొట్టగానే లైబ్రరీకి తాళం వేసి, ఆఫీసులో జిరాక్స్ మెషిన్ పక్కన నిలబడతాను. ఆయన ప్రశ్నపత్రాలే ఎక్కువ వస్తాయి. ఒకటే ప్రశ్న, ఏటేటా అంకెలు మార్చి ఇస్తారు.

జూన్ 20

రాస్తుంటే ఇంత హుషారుగా ఉంటుందని తెలియదు. పుస్తకం ఉపాధ్యాయుల దగ్గర ముప్పై రోజులకు మించి ఉండరాదు, అని రాశాను. త్రాసు ఒక్కోటి పరీక్షలు అయ్యేదాకా పెట్టుకుంటారు. లైబ్రరీలో ఫోను మాట్లాడరాదు, ఈ నియమం పెద్దలకు కూడా, అని రాశాను. త్రాసు మా కిటికీ దగ్గర నిలబడి వాళ్ల బావమరిదితో స్థలం గొడవ మొదటి నుంచి చివరిదాకా మాట్లాడతారు. లైబ్రరీ బల్లలు మరే ఇతర పనికీ తీసుకెళ్లరాదు. నా రెండు బల్లలు వాళ్ల లాబ్‌లో ఉన్నాయి. పుస్తకాల్లో పెన్సిలుతో అయినా గీయరాదు.

మళ్లీ చదువుకున్నాను. చూడ్డానికి ఎంత న్యాయంగా ఉన్నాయో. ఒక్క దాంట్లోనూ ఆయన పేరు లేదు, అన్నిట్లోనూ ఆయనే ఉన్నారు.

మా ఆయన చదివి, బాగా రాశావు అన్నారు. కళ్లజోళ్ల షాపులో పొద్దస్తమానం చిన్న అక్షరాలు చదివించే మనిషి, ఆయనకి కూడా కనపడలేదు.

జూన్ 22

తొమ్మిదో నియమం దగ్గర ఆగాను. పోయిన పుస్తకం సంగతి.

ఇన్నాళ్లూ పోయిన పుస్తకానికి వెల కట్టించుకుని ఊరుకునేవాళ్లం. ఇప్పుడలా కుదరదు. పోగొట్టుకున్నవారు అదే పుస్తకం, అదే ముద్రణ తెచ్చి ఇవ్వాలి. తెచ్చేదాకా, బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ కాగితం మీద లైబ్రేరియన్ సంతకం పెట్టరాదు. స్కూలు వదిలి వెళ్లేవాళ్లెవరైనా ఆ కాగితం పట్టుకుని లాబ్, ఆఫీసు, ఆటల గది, లైబ్రరీ తిరగాలి. నాలుగు సంతకాలూ పడితేనే రిలీవ్ చేస్తారు. చివరి గడి నాది. ఈ స్కూల్లో నాకున్న అధికారం అంతా ఆ గడి అంతే ఉంటుంది.

ఇది ఎవరిని ఉద్దేశించి రాసిందీ కాదు. ముందుచూపు అంతే.

జూన్ 24

ముగ్గురం కూర్చున్నాం. నేను గొడవ పడడానికి సిద్ధమై వెళ్లాను. త్రాసు ప్రతి నియమం రెండేసిసార్లు చదివి, తల వాల్చి, సరే అన్నారు. ఫోను నియమానికీ సరే. బల్లలు రేపే పంపిస్తానన్నారు. నాకు ఒళ్లు మండింది. మనిషి తిరగబడకపోతే కొట్టడంలో ఏముంది?

తొమ్మిదో నియమం దగ్గర మాత్రం పెన్ను తీశారు. హమ్మయ్య అనుకున్నాను. ప్రిన్సిపాల్‌గారికి మినహాయించే అధికారం ఉంటుందని మేడం చేర్పించిన వాక్యాన్ని కొట్టేశారు. "నియమం అన్నాక అందరికీ ఒకటే ఉండాలి మేడం. ఒకళ్లకి వదిలేస్తే ఇంకొకళ్లని పట్టుకోలేం" అన్నారు. దాని స్థానంలో తన గుండ్రటి అక్షరాలతో 'ఎవరికీ మినహాయింపు లేదు' అని రాశారు.

ముగ్గురం సంతకాలు పెట్టాం. ఒక కాపీ తనిఖీ వాళ్లకి వెళ్లిపోయింది.

జూన్ 25

బల్లలు వచ్చాయి. తుడిపించి మరీ పంపారు. విసుగు.

జూలై 3

స్టాఫ్ రూములో స్వీట్లు. త్రాసుని వేరే స్కూలు వాళ్లు ప్రిన్సిపాల్‌గా తీసుకున్నారు. ఆగస్టు ఒకటిన చేరాలి. ప్రిన్సిపాల్ కావాలని ఆయన ఎన్నేళ్ల నుంచి ఎదురుచూస్తున్నారో అందరికీ తెలుసు. రెండుసార్లు ఇక్కడే, బయటి నుంచి వచ్చినవాళ్లకి ఇచ్చారు. ఇప్పుడు రాకపోతే ఇక వయసు దాటిపోతుందట.

నేనూ స్వీటు తీసుకున్నాను. నన్ను జిరాక్స్ మెషిన్ దగ్గర నిలబెట్టిన మనిషి దర్జాగా పెద్ద కుర్చీ ఎక్కబోతున్నారు. నేను చెయ్యగలిగిందల్లా చప్పట్లు కొట్టడం. కొట్టాను కూడా.

జూలై 4

ఆయన పాకెట్ చూశాను.

పుస్తకం ఇచ్చేటప్పుడు దాని కార్డు తీసి తీసుకున్నవాళ్ల పేరున్న పాకెట్లో పెడతాం. పుస్తకం తిరిగొస్తే కార్డు మళ్లీ పుస్తకంలోకి వెళ్తుంది. త్రాసు పాకెట్లో ఒక కార్డు ఉంది. ధ్వని గురించిన పుస్తకం, అరచేతిలో పట్టేంత చిన్నది, మూడో ముద్రణ. తీసుకుని రెండేళ్లు దాటింది.

నాలుగైదుసార్లు పాకెట్ తెరిచి చూసుకున్నాను. ఉంది. ఉంది. అన్నం వడ్డించుకుంటూ కూడా నవ్వుతున్నానని అత్తయ్య అన్నారు.

జూలై 7

వచ్చారు. మూడు సంతకాలు అయిపోయాయి. కాగితం నా ముందు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. కార్డు చూపించాను. తిరిగిచ్చేశానన్నారు. ఎవరికిచ్చారు సార్ అని అడిగాను. మీరు ఆ రోజుల్లో సెలవులో ఉన్నారు, లైబ్రరీలో బల్ల మీద పెట్టి వెళ్లాను, అన్నారు. బల్ల మీద పెట్టడం రిటర్న్ కాదని, రిటర్న్ అంటే కార్డు మారడమని ఎంతో మర్యాదగా చెప్పాను. అంత మర్యాద నాలో ఉందని నాకే తెలియదు.

ఆయన తల ఎడమకి వాలింది, కుడికి వాలింది. "నిజమే. పుస్తకం నా దగ్గరే ఉన్నట్టు కార్డు చెప్తోంది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూస్తారేమోనని చూశాను. చూడలేదు. ఏం పొగరో.

జూలై 9

ఎక్కడో పాత పుస్తకాల షాపులో దొరికిందని ఒకటి తెచ్చారు. చూశాను. ఐదో ముద్రణ. మనది మూడో ముద్రణ సార్ అన్నాను. రెండు నిమిషాలు ఆ పేజీ వైపే చూసి, మీరన్నది సరైనదే అన్నారు.

ఇవాళ హాయిగా నిద్రపోతాను.

జూలై 11

దొరికింది.

తనిఖీకి ముందు పుస్తకాలన్నీ ఒకసారి సరిచూడాలని మొదటి నియమంలో నేనే రాశాను. అందుకని మూల బీరువా అడుగు అర దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆ మధ్య మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నేను సెలవు పెడితే, లైబ్రరీలో డ్రిల్లు మాస్టారిని కూర్చోబెట్టారు. తిరిగొచ్చేసరికి ఒక గోడ పొడవునా పుస్తకాలన్నీ ఎత్తు ప్రకారం నిలబడి ఉన్నాయి, ప్రార్థనకి పిల్లల్ని నిలబెట్టినట్టు. పొట్టివి ముందు, పొడుగువి వెనక. వెన్ను మీద నంబర్లు వేసేది ఎందుకనుకున్నారో మహానుభావుడు. ఇప్పుడెంత క్రమశిక్షణగా ఉందో చూడండి అని నాతో గర్వంగా అన్నారు కూడా. అది సర్దుకునేసరికి నా నడుము పడిపోయింది. అడుగు అరలో చిన్నపిల్లల గేయాల బుల్లి పుస్తకాల వరస మాత్రం ఎలాగూ పొట్టివే కదా, వాటి చోటే ఉన్నాయని నేను ముట్టుకోలేదు.

ఆ వరసలో మొదట నిలబడి ఉంది. అన్నిటికంటే పొట్టిది కదా. మా రహస్య పేజీ తిప్పి చూశాను. మొదటి పేజీ చింపేసినా మా పుస్తకాన్ని మేం గుర్తుపట్టడానికి ప్రతి పుస్తకంలో ఒకే నంబరు పేజీ మీద ముద్ర వేస్తాం, అది ఏ నంబరో నాకొక్కదానికే తెలుసు. ముద్ర ఉంది. కార్డు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది.

అంటే త్రాసు నిజమే చెప్పారు. బల్ల మీద పెట్టారు, డ్రిల్లు మాస్టారు తీసి వరసలో నిలబెట్టారు. ఆయన నిజం చెప్పినందుకు నాకు ఆయన మీద ఇంకా కోపం వచ్చింది.

రేపు చెప్తాను.

జూలై 12

రెండో శనివారం, సెలవు.

జూలై 14

చెప్పలేదు. మేడం ఊళ్లో లేరు, త్రాసు క్లాసులో ఉన్నారు, నాకు తలనొప్పి. ఆగస్టు ఒకటికి ఇంకా బోలెడు వ్యవధి ఉంది.

పుస్తకాన్ని బయటికి తీసుకెళ్లలేదు. నేను దొంగని కాను. లైబ్రరీ పుస్తకం లైబ్రరీలోనే ఉంది. ఏ అరలో ఉందన్నది వేరే సంగతి.

జూలై 16

మేడం మినహాయింపు ఇస్తానన్నారట. ఒక చిన్న పుస్తకం కోసం ఇంత రాద్ధాంతమా, నేను సంతకం పెట్టేస్తాను, తనిఖీ వాళ్లు అడిగితే నేను చూసుకుంటాను అన్నారట. త్రాసు ఒప్పుకోలేదు. 'ఆ వాక్యం నేనే రాశాను మేడం. నా దగ్గరికి వచ్చేసరికి నేనే కొట్టేస్తే ఎలా' అన్నారని ఆఫీసు క్లర్కు జిరాక్స్ మెషిన్ దగ్గర చెప్పింది. చెప్తూ కళ్లు కూడా తుడుచుకుంది.

చూశావా, అక్కడ కూడా ఆయనే గొప్పవాడు. నేను ఆయన్ని ఇరుకున పెడితే, ఆ ఇరుకులో కూడా దర్జాగా నిలబడతారు.

జూలై 17

వెతుకుతారట. పుస్తకం లైబ్రరీ దాటి వెళ్లలేదని ఆయనకి గట్టి నమ్మకం. ఆయన ఖాళీ పీరియడ్లన్నీ మధ్యాహ్నం, అప్పుడు లైబ్రరీకి తాళం ఉంటుంది. అందుకని తోటివాళ్లని బతిమాలి పీరియడ్లు పొద్దుటికి మార్పించుకున్నారు. నా అనుమతి అడిగారు. కాదనడానికి నా నియమాల్లో ఏమీ లేదు.

ఫిజిక్సు షెల్ఫుతో మొదలుపెట్టారు. సహజం. ప్రతి పుస్తకం బయటికి తీసి, వెనక చెయ్యి పెట్టి తడిమి, మళ్లీ అదే చోట పెడుతున్నారు. మీసాల మీద దుమ్ము. నేను రిజిస్టరు రాస్తున్నట్టు తల వంచుకుని ఒక్కొక్క క్షణం జుర్రుకున్నాను. తాళం వేస్తే చాలన్నారుగా, వెతకండి ఇప్పుడు.

జూలై 18

ఫిజిక్సు షెల్ఫు మళ్లీ మొదటి నుంచి వెతికారు. తర్వాత రసాయనం. రేపు మూల బీరువా వైపు వస్తారనిపించింది. అందుకని ఆయన వెళ్లగానే పుస్తకాన్ని అక్కణ్నుంచి తీసి రసాయనంలో పెట్టాను. అది వెతకడం అయిపోయింది కదా.

జూలై 19

మూల బీరువా దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వెతికారు. గేయాల పుస్తకాలు కూడా ఒక్కొక్కటీ తీశారు. ఈ మనిషి మోకాళ్ల మీద ఉండడం చూడాలని ఎంత కోరుకున్నానో. చూశాను. లేచేటప్పుడు బీరువా పట్టుకుని లేచారు, మోకాళ్ల నొప్పులున్నాయేమో. నేను చూడనట్టు ఉన్నాను.

జూలై 20

ఆదివారం. అత్తయ్య చిక్కుళ్లు ఒలుస్తుంటే పక్కన కూర్చుని కథంతా చెప్పాను. అంటే, పుస్తకం పోయిందని, ఆయన వెతుకుతున్నారని చెప్పాను. దొరికిందని చెప్పలేదు. ఆవిడ కాయ మీంచి కన్ను ఎత్తకుండా, "ఆయన వెళ్లిపోతే నువ్వు ఎవర్ని తిట్టుకుంటావే అమ్మాయ్?" అన్నారు.

మా ఆయన పేపరు చాటున నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన వెళ్లడమే నాకు కావాలి అత్తయ్యా, సుఖంగా వెళ్లకూడదు అంతే, అన్నాను. ఆవిడ గుప్పెడు కాయలు నా ముందుకి తోసి, ఈనెలు బాగా తియ్యమన్నారు.

జూలై 22

ఇప్పుడు నా పని ఇది. ఆయన ఎటు కదిలితే పుస్తకం దానికి వెనక వైపు కదలాలి. చరిత్ర వెతుకుతుంటే రసాయనంలో ఉంది. రసాయనం ఇంకోసారి చూస్తానన్నారు, చరిత్రకి మార్చాను. ఫిజిక్సు మూడోసారి చూశారు, వ్యాకరణానికి మార్చాను. చివరికి విసుగొచ్చి నా బల్ల మీద పెట్టేశాను, తిరిగొచ్చిన పుస్తకాల దొంతరలో, అడుగు నుంచి రెండోది. అక్కడ ఎవరూ చూడరు. ఆయన నా బల్ల ముట్టుకోరు, మర్యాదస్తులు కదా.

అంత దగ్గర్లో పెట్టుకుంటే కొంచెం భయంగా ఉంది. భయం బాగానే ఉంది.

జూలై 23

ఒక పుస్తకం తప్పు చోట ఉందని తెచ్చి చూపించారు. నిజంగానే తప్పు చోట ఉంది. వెన్ను మీద నంబర్లు ఎలా చదవాలో నేర్చుకున్నారు. చుక్క తర్వాత అంకెలు ఎందుకని అడిగారు. చెప్పాను. ఇంకా అడిగారు. ఇంకా చెప్పాను. బెల్లు కొట్టేదాకా చెప్తూనే ఉన్నానని తర్వాత తెలిసింది. నా మీద నాకే ఒళ్లుమంట.

జూలై 25

ఇది ఉన్నదున్నట్టు రాయాలి.

పొద్దున్న భాషల షెల్ఫు ముగించి, నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు. ఎప్పుడూ కూర్చోరు. చేతులు రెండూ దుమ్ము. అవతలి స్కూలు వాళ్లు రిలీవింగ్ కాగితం ఈ నెలాఖరు లోపల కావాలంటున్నారని, భూగోళం షెల్ఫు ఒక్కటే మిగిలిందని చెప్పారు. నేను అవునా సార్ అన్నాను. తర్వాత తల వాల్చారు. ఒక్క పక్కకే వాల్చారు.

"ఇన్ని రోజులు ఇక్కడ కూర్చుంటే గాని తెలియలేదు మేడం. ప్రతి పుస్తకం ఎక్కడుండాలో మీకు తెలుసు. ఏ పిల్లకి ఏది నచ్చుతుందో తెలుసు. ఆ రోజు మీటింగులో నేను చాలా తప్పు మాట అన్నాను. మీరు నవ్వారు కదా, పట్టించుకోలేదనుకున్నాను."

నేను రిజిస్టరు మూసి పక్కన పెట్టాను.

"వెళ్లేలోపు మీ ఉద్యోగం మళ్లీ పూర్తి పూట చెయ్యమని మేడంకి రాసిస్తాను. అది నేను తీయించిందే కదా" అన్నారు.

పుస్తకం నా మోచేతి పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఇదుగో సార్, ఇప్పుడే దొంతరలో దొరికింది, అంటే అయిపోయేది. ఆ మాట కూడా నోటి దాకా వచ్చింది. కానీ అప్పుడే అనిపించింది, తాళం మాట గది నిండా జనం ముందు అన్నారు, ఈ మాట మాత్రం ఒక్క నా ముందు, తలుపు వేసి. ఆ జనం ఎక్కడ? డ్రిల్లు మాస్టారు ఎక్కడ? సోమవారం స్టాఫ్ మీటింగు ఉంది. అక్కడ అనమనండి. అందరూ వినాలి. అప్పుడు భూగోళం షెల్ఫులో పుస్తకం దానంతటదే దొరుకుతుంది. నెలాఖరుకి ఇంకా వ్యవధి ఉంది కదా.

అలాంటి మాటలన్నీ మీటింగులో అంటే బాగుంటుంది సార్ అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన తప్పకుండా అంటానన్నారు.

జూలై 26

ఇవాళ రాలేదు. భూగోళం షెల్ఫులో చోటు చూసి పెట్టుకున్నాను, పటాల పుస్తకాల మధ్య. సోమవారం పొద్దున్నే వెళ్లి పెట్టేస్తాను. ఇన్నాళ్లకి గుండె తేలిగ్గా ఉంది. ఆయన వెళ్తారు. సుఖంగానే వెళ్లనీ. నాకు రావలసింది నాకు వస్తుంది.

జూలై 28

ఆయన వెళ్లడం లేదు.

శనివారం అవతలి వాళ్లు ఫోన్ చేసి, రిలీవింగ్ కాగితం సంగతి ఆ రోజే ఖాయంగా చెప్పమన్నారట. పుస్తకం దొరుకుతుందని తను హామీ ఇవ్వలేనని చెప్పేశారట. వాళ్లు వరసలో ఉన్న తర్వాతి మనిషిని తీసుకున్నారు. పొద్దున్నే గేటు దగ్గర క్లర్కు చెప్పింది. నా సంచిలో టిఫిన్ గిన్నె ఉంది, అది ఎందుకో రెండు చేతులతో పట్టుకున్నాను.

మీటింగులో మేడం ఈ సంగతి చెప్పారు. అప్పుడు ఆయన లేచి నిలబడ్డారు. పోయిన ఏడాది లైబ్రరీ గురించి తను తేలిగ్గా మాట్లాడానని, అది తెలియనితనమని, అందరి ముందూ క్షమించమని అడుగుతున్నానని అన్నారు. ఇచ్చిన మాట కదా. డ్రిల్లు మాస్టారు తల దించుకున్నారు. అందరూ నా వైపు చూశారు. ఎవరూ నవ్వలేదు.

ఏడాదిగా నేను ఊహించుకున్నదంతా, ఒక్కటి కూడా తగ్గకుండా, నా ముందు జరిగింది. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

లైబ్రరీకి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక, బల్ల మీద దొంతర మొత్తం సర్దేశాను. ఒక్కొక్కటీ తీయడం, వెన్ను చూడడం, చోటులో పెట్టడం. చేతికి పని ఉంటే మంచిది. బల్ల ఖాళీ అయ్యేదాకా పెట్టాను.

జూలై 29

పొద్దున్న త్రాసు వచ్చారు. వెతకడానికి కాదు. తొమ్మిదో తరగతికి ఏదో పాఠం చెప్పాలని ఫిజిక్సు షెల్ఫు దగ్గరికి వెళ్లారు. నేను రిజిస్టరులో గీతలు గీసుకుంటున్నాను. కాసేపటికి అక్కణ్నుంచి చప్పుడేమీ రావడం లేదని తల ఎత్తాను.

ఆయన చేతిలో ఆ పుస్తకం ఉంది.

దాని నంబరు దగ్గరే ఉందట. ముందు నంబరుకీ తర్వాత నంబరుకీ మధ్య, సరిగ్గా. నేనే పెట్టాను. నిన్న బల్ల ఖాళీ చేస్తూ నా చేత్తో నేనే పెట్టాను. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని, నా చేతికి తప్పు చోట పెట్టడం రాదు. బుద్ధిగా దాచినన్నాళ్లు దాచాను, ఏమరుపాటున సరైన చోట పెట్టాను.

ఆ షెల్ఫు ఆయన మూడుసార్లు వెతికారు. మూడుసార్లూ నేను ఇక్కడే కూర్చుని చూశాను. అది నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. తల అటు వాల్చలేదు, ఇటు వాల్చలేదు. రిటర్న్ వేసుకోండి మేడం అన్నారు. కార్డు తీసి పుస్తకంలో పెట్టాను. జేబులోంచి నో డ్యూస్ కాగితం తీశారు. మడతల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. చివరి గడిలో సంతకం పెట్టాను. ఇప్పుడు దాంతో ఆయనకి పనేమీ లేదు. అయినా జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

తర్వాత అదే పుస్తకాన్ని నా వైపు జరిపారు. "ఇప్పుడు ఇది మళ్లీ నా పేరు మీద ఇవ్వండి. ముప్పై రోజుల లోపు తెచ్చేస్తాను. ఈసారి మీ చేతికే ఇస్తాను. మీరు సెలవులో ఉంటే, వచ్చేదాకా ఆగుతాను."

ఎందుకు చేశారని అడుగుతారని చూశాను. అరుస్తారని చూశాను. మేడం గదికి వెళ్తారని చూశాను. పుస్తకం చంకలో పెట్టుకుని క్లాసుకి వెళ్లిపోయారు.

జూలై 30

మేడం పిలిపించారు. అయిపోయిందనుకున్నాను. ఒక రకంగా కావాలనుకున్నాను కూడా. ఆయన నా మీద చెప్పి ఉంటే, మేడం నన్ను నిలబెట్టి కడిగేసి ఉంటే, నేను మళ్లీ ఆయన్ని కడుపారా తిట్టుకునేదాన్ని. ఇంటికి వెళ్లి అత్తయ్యకి చెప్పుకునేదాన్ని.

మేడం నవ్వుతూ ఒక కాగితం చేతికిచ్చారు. నా ఉద్యోగం మళ్లీ పూర్తి పూట చేశారు. వైస్ ప్రిన్సిపాల్‌గారు అంత గట్టిగా సిఫారసు చేస్తే కాదనడం ఎలాగ అన్నారు. ఆయన రాసిచ్చింది సోమవారం, పుస్తకం దొరకడానికి ముందు. పుస్తకం దొరికాక నిన్న ఆయన దాన్ని వెనక్కి తీసుకోవడానికి వచ్చారా అని మేడంని అడగబోయి, ఎలా అడగాలో తెలియక ఊరుకున్నాను. తీసుకోలేదు. ఇవాళ సాయంత్రం దాకా ఆఫీసు గుమ్మం వైపే చూశాను. ఇవాళా తీసుకోలేదు.

ఆయన పీరియడ్లు మళ్లీ పాత పద్ధతిలో వేశారు. రేపటి నుంచి నేను బడి వదిలేదాకా లైబ్రరీలోనే ఉంటాను. ఆయన ఖాళీ పీరియడ్లన్నీ మధ్యాహ్నమే.